అంబాసిడర్ నెత్తిన జెండా

భూషణానికి నడుం పోయి చాలాకాలమైంది. కిరందుల్ కొండమీద ఇనుపరాయి మోసే డంపర్ నడపడమంటే, మేడ మీద కూర్చుని రోజంతా ఎగిరెగిరి పడటమే. అందుకే గని డ్రాయింగ్ ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయిందనీ, బొమ్మలు గీయడం తెలిసినవాళ్లెవరైనా తాము గీసింది పట్టుకురావచ్చనీ వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

అతను గీసేవి పాత కార్లే. అంబాసిడర్ గుండ్రటి బుగ్గలు అలాగే ఉంచి, వెనకభాగం సన్నం చేసి, కొత్తరకం దీపాలు పెట్టి పెన్సిలుతో గీసేవాడు. డ్యూటీ దిగాక, కళ్లు మూతలు పడుతున్నా కంప్యూటర్లో రంగులద్ది, తలుపుల మీద వెలుగు జారేలా మెరుగుపెట్టేవాడు.

"ఆ కుర్చీ వస్తే నీ నడుముకి తైలం రాసే పని నాకు తప్పుతాది. ఎల్లు!" అంది భార్య గంగారత్నం.

డ్రాయింగ్ ఆఫీసు సాబ్ తెరమీద బొమ్మ చూసి ముచ్చటపడ్డాడు. అంతలోనే అతని వేలు కారు పైకప్పు మీదకి పోయింది.

"భూషణం జీ, ఈ కర్ర ఏమిటి? మంత్రిగారి బండా?"

కారు నెత్తిన మనిషెత్తు కర్ర, కొసన ఎర్రజెండా. గనిలో చిన్న బండి ఏదైనా అలాంటిది కట్టుకునే తిరగాలి. లేకపోతే డంపర్ మీదున్నవాడికి కనబడక, చక్రాల కింద అప్పడమైపోతుంది. భూషణం చెయ్యి అలవాటుకొద్దీ దాని పాటికది కట్టేసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పొరపాటు సాబ్, తీసేస్తాను."

తీశాడు. నున్నటి బోడి కారు. చూశాడో లేదో, కుడికాలు బల్ల కింద లేని బ్రేకు తొక్కేసింది. బల్ల ఊగి, చాయ్ వెళ్లి సాబ్ ఒళ్లో పడింది.

సాబ్ మంచివాడు. ప్యాంటు దులుపుకుంటూ, "పొద్దున్నకల్లా జెండా లేకుండా పంపండి, చాలు," అన్నాడు.

ఇంట్లో జెండా తీశాడు. కాలు లాగింది. పెట్టాడు. మళ్లీ తీశాడు.

"ఏటది, పేలు తీస్తన్నట్టు?" అంది గంగారత్నం.

"కారు నలిగిపోతాదేమోనని..."

"బొమ్మకారు నలుగుతాదేటి? నలిగేది నీ నడుమే!"

నిజమే. అయినా మనసొప్పక, కర్రని కురచచేసి, జెండాని అగ్గిపుల్ల తలంత చేసి, సాబ్ కంటికి ఆనదులే అనుకుని పంపేశాడు.

ఆనింది.

ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నాక ఒకరోజు, భూషణం డంపర్ని మలుపు తిప్పుతుంటే కింద జెండా ఒకటి పాకుతూ వచ్చింది. దాని కింద సాబ్ జీపు ఉండే ఉంటుంది. బ్రేకు తొక్కాడు, నడుం కలుక్కుమంది. అది దాటిపోయేదాకా పళ్లు బిగబట్టి చూశాడు. దుమ్ము పట్టి, ఎండకి వెలిసి, జెండా ఇటుకరంగుకి తిరిగింది. బొమ్మలో తనేసిన ఎరుపు మరీ కొత్తగా ఉందనిపించింది.