"అది" అంటే ఒప్పుకోని అత్తయ్య

మా అత్తయ్యకి లోకంలో ఒక్కరే శత్రువు. రెండక్షరాల శత్రువు. "అది". ఒంట్లో ప్రతి అవయవానికీ శుభ్రమైన పేరుండగా దాన్ని "అది" అనో, "అక్కడ" అనో, "కింద" అనో అన్నవాళ్లని ఆవిడ వదిలేది కాదు. బస్సులో గానీ, భోజనాల బల్ల దగ్గర గానీ, బంధువుల మధ్య గానీ, పేరు చెప్పేదాకా నిలబెట్టేది.

ఆవిడ నాన్నకి అక్క. హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. మా ఇంటి పైవాటాలో ఒంటరిగా ఉండేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా కూపీ లాగితే, "హార్మోన్ల లోపం కాదండీ, తీరిక లోపం" అనేది. అడిగినవాళ్లు హార్మోన్లన్న మాటకే అదిరిపోయి, తీరిక సంగతి అడగడం మర్చిపోయేవాళ్లు.

బడిలో ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠం దగ్గరికొచ్చేసరికి మిగతా టీచర్లకి గొంతు నొప్పులు వచ్చేవి. "సులువైన పాఠమే, ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసి మొక్కల్లోకి దూకేవాళ్లు. అత్తయ్య తన క్లాసుకి చెప్పి, వాళ్ల క్లాసులకి కూడా వెళ్లి చెప్పొచ్చేది. పిల్లలు ఆవిడకి పేర్ల మేడం అని పేరు పెట్టారు. పేరు పెట్టారు కాబట్టి ఆవిడ ఏమీ అనుకోలేదు.

నా ఖర్మ కొద్దీ నేను ఆ క్లాసులోనే ఉండేదాన్ని. బోర్డు మీద గర్భాశయం, దానికి రెండు పక్కలా చేతులు చాచినట్టు అండవాహికలు, వాటి చివర అండాశయాలు గీసి, ఇటు తిరిగి చేతులు దులుపుకునేది. "నవ్వాల్సినవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, నేను ఆగుతాను" అని కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడేది. ఎదురుగా నిలబడి ఓపిగ్గా కాచుకుంటుంటే ఎంతసేపని నవ్వుతారు ఎవరైనా? నవ్వు దానంతటదే చల్లారిపోయేది.

"అయిందా? అయితే వృషణాలు. ఒంటి వేడి కన్నా కాస్త చల్లగా ఉంటేనే వాటి పని సాగుతుంది. అందుకని శరీరం వాటిని బయట పెట్టుకుంది. ఇందులో వింతేముంది? కొందరు ఆరుబయట పడుకోరూ?"

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మేడం, ఆ మాటని మర్యాదగా ఏమంటారు?"

"ఇప్పుడు అన్నాను చూడు, అలాగే అంటారు. కూర్చో."

మందుల దుకాణంలో మరో కథ. నెలసరి పాడ్లు అడిగితే దుకాణదారు వాటిని పాత పేపర్లో చుట్టి, దాని మీద నల్ల కవరు వేసి, దొంగ సొత్తులా బల్ల కింద నుంచి అందించేవాడు. అత్తయ్య ఆ కవరు తీసి, పేపరు విప్పి, రెండూ ఆయనకే తిరిగిచ్చేది.

"అలా పట్టుకెళ్తే బాగోదండీ" అన్నాడాయన.

"దగ్గు మందు చుట్టి ఇవ్వరేం?"

"దగ్గు అందరికీ వచ్చేదే కదండీ."

"ఇది సగం మందికి వస్తుంది. సగం కాగితమైనా మిగల్చండి."

ఆవిడ పాడ్ల పొట్లం చేత్తో పట్టుకుని, తోటకూర కట్ట తెస్తున్నంత మామూలుగా వీధంతా నడిచొచ్చేది. నేను మాత్రం పక్కింటి అమ్మాయిలా పది గజాల వెనక నడిచేదాన్ని.

ఈ పట్టింపు ముదిరి ముదిరి మా ఇంట్లో "అది" అన్న మాటే కరువైంది. నాన్నకి కళ్లద్దాల దుకాణం. పొద్దస్తమానం జనానికి అక్షరాలు చూపించి చదివించే మనిషి, ఇంటికొస్తే తనే మాట కోసం తడుముకునేవాడు. ఓసారి అన్నం తింటూ అమ్మతో, "అది ఇటు అందుకో" అన్నాడు.

"అది అంటే?" అంది అత్తయ్య.

"ఉప్పు."

"ఉప్పు ఏం పాపం చేసిందని పేరు దాచావురా?"

నాన్న ఆ పూట ఉప్పు లేకుండానే తిన్నాడు.

అమ్మకి ఓ ఏడాది ఏమైందో ఎవరికీ అర్థం కాలేదు. ఉన్నట్టుండి మొహం ఎర్రబడి చెమటలు పోసేవి. ఫ్యాను గిరగిరా తిరగాలనేది, మరు నిమిషంలో చలేస్తోందని ఆపేసేది. గరిటె కింద పడినా కసురుకునేది, పడకపోయినా కసురుకునేది. నాన్న ఓ రోజు మెల్లగా మెట్ల దగ్గర చేరి, "అక్కా, మీ మరదలు ఈమధ్య కాస్త అదిగా ఉంటోంది" అన్నాడు.

"అదిగా అంటే?"

"అంటే... చిరాగ్గా."

అత్తయ్య కిందకి దిగొచ్చి అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. బల్ల మీద మనిషి పడుకున్నట్టు అనుకోమని, తల ఉండే చోట ఓ గిన్నె, పొట్ట ఉండే చోట రెండు చెంచాలు పెట్టింది. "ఇది మెదడు కింద ఉండే పీయూష గ్రంథి. ఇవి అండాశయాలు. ఇన్నాళ్లూ పైనుంచి హార్మోను రూపంలో కబురొస్తే ఇవి ఈస్ట్రోజెన్ తయారుచేసి పంపేవి. ఇప్పుడు ఇవి విశ్రాంతి తీసుకుంటున్నాయి. పలకట్లేదు. పలక్కపోయేసరికి పైనున్నది ఇంకా గట్టిగా కేకలేస్తోంది. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి ఒంటి వేడిని చూసుకునే చోట లెక్క తప్పి, ఈ అమ్మాయికి ఊరికే ఉక్క పోస్తోంది."

అమ్మ చెంచాల వంక చాలాసేపు చూసింది. "అంటే నాకు పిచ్చేమీ పట్టలేదన్నమాట వదినా."

"పిచ్చెందుకు? నీకొచ్చింది వయసు. మరీ ఇబ్బందైతే డాక్టరు దగ్గరకి వెళ్దాం, దానికి మందులున్నాయి. ఈలోగా కోపమొస్తే శుభ్రంగా కోప్పడు. వీడు కూర్చుని వింటాడు."

"నేనా?" అన్నాడు నాన్న.

"మరి ఇంకెవరు? పోయినేడు నీ పౌరుష గ్రంథి, ప్రోస్టేట్, వాచినప్పుడు తెల్లవార్లూ నీతో పాటు మేలుకుంది ఎవరు?"

నాన్న గభాలున నా వైపు చూసి, చదువుకోవడానికి వెళ్లమన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. నేను బడిలో చదువుకునే వచ్చాను.

ఇంట్లో అత్తయ్య మాటలకి ఎక్కువ ఇబ్బంది పడేది మాత్రం నాయనమ్మ. కూతురు నోరు విప్పగానే లేచి వంటింట్లోకి పోయేది. "దీన్ని చదివించకుండా ఉండాల్సింది" అని గోడకి చెప్పుకునేది. పెద్దదయ్యాక నాయనమ్మ సాయంత్రం పార్కులో తిరగడం మానేసింది. కుర్చీలో అంచున కూర్చునేది. నీళ్లు తాగమంటే వద్దనేది. బస్సెక్కి ఎవరింటికైనా వెళ్దామంటే నడుం నొప్పి అనేది. వయసు మీద పడిందిలే అని మేం సరిపెట్టుకున్నాం. నడుం నొప్పికి నాన్న రకరకాల తైలాలు తెచ్చాడు. వాటిని నాయనమ్మ తలుపు కీళ్లకి రాసేది.

ఓ ఆదివారం పొద్దున అత్తయ్యా నేనూ ఆరిన బట్టలు మడత పెడుతున్నాం. నాయనమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. దుప్పటి కొస వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాసేపు గడిపింది.

"నువ్వు బోర్డు మీద గీస్తావటగా, తలకిందులుగా పెట్టిన పండులాంటి బొమ్మ. దాని పేరేంటే?"

"గర్భాశయం."

నాయనమ్మ పెదవులు కదిలాయి. మాట బయటకి రాలేదు. నేను ఇవతలకి వచ్చేద్దామని లేవబోతే అత్తయ్య నా ఒళ్లో ఇంకో నాలుగు బట్టలు పడేసింది.

"గర్భాశయం" అంది నాయనమ్మ, మాట బరువెంతో చూసుకుంటున్నట్టు. "అది జారుతుందా?"

నేను అత్తయ్య మొహం చూశాను. నాకు తెలిసి జన్మలో మొదటిసారి ఆవిడ "అది" అన్న మాటని వినీ విననట్టు వదిలేసింది.

"జారుతుందమ్మా. దాన్ని పట్టి ఉంచే కండరాలు కాన్పులకీ, బరువులకీ వదులైపోతే కిందకి దిగుతుంది. చాలామందికి అవుతుంది. బాగు చేస్తారు."

"నాకు దిగింది."

"ఎప్పటి నుంచి?"

"నీ తమ్ముడికి పెళ్లి కాకముందు నుంచి."

నాన్న పెళ్లికి ముందంటే నేను పుట్టకముందన్న మాట. నేను పుట్టి, పెరిగి, పరీక్షలో ఆ బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నంత కాలం, పక్క గదిలో మా నాయనమ్మ ఆ బాధని నడుం నొప్పి అనే పేరు కింద దాచుకుని తిరిగింది. అత్తయ్య ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదనలేదు. చేతిలో చీరని నెమ్మదిగా నాలుగు మడతలు వేసింది.

"రేపు పొద్దున్నే వెళ్దాం. నేను సెలవు పెడతాను."

మర్నాడు నాన్నతో కలిసి ఆసుపత్రిలో వరుసలో నిలబడ్డాం. కిటికీ దగ్గరున్న నర్సు కాగితం మీంచి తలెత్తకుండా, హాలంతా వినబడేలా, "ఏంటి సమస్య?" అని అడిగింది. నాన్న పైనున్న ఫ్యాను రెక్కల్ని పరీక్షించడం మొదలెట్టాడు. అత్తయ్య నోరు తెరవబోయింది. నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టి ఆపింది.

"గర్భాశయం జారిందమ్మా" అంది, నర్సు గొంతుకి తగ్గట్టే.

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. నాయనమ్మ వెళ్లి బల్ల మీద కూర్చుంది, ఎప్పట్లాగే అంచున. కాసేపటికి బల్ల అవతలి కొసనున్న ఒక ముసలమ్మ కొద్దికొద్దిగా జరుగుతూ వచ్చి నాయనమ్మ పక్కన చేరింది. "దీనికి ఏ డాక్టరుగారు చూస్తారండీ?" అని అడిగింది. వెనక వరుసలో ఇంకొకావిడ మెడ ముందుకి చాచింది. నాన్న ఫ్యాను మీంచి చూపు దించాడు. వాళ్లమ్మ ఎలా కూర్చుందో అప్పుడు చూసినట్టున్నాడు. తన కోటు విప్పి, మడిచి, తెచ్చి ఆవిడ కింద మెత్తగా వేశాడు.

ఆపరేషన్ అయింది. బాగానే అయింది. నాయనమ్మ తేరుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున నేను కాఫీ పట్టుకుని పైవాటాకి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లోపల అత్తయ్య బడికి తయారై, అద్దం ముందు నిలబడి, ఎక్కం అప్పజెబుతున్నట్టు అంటోంది: "వృషణాలు. వృషణాలు. యోని. యోని."

చెవులు రెండూ మిరపపళ్లలా ఉన్నాయి. జుట్టు వదులుగా ముడేసి వాటి మీదకి లాక్కుంది. ఎందుకు ఆవిడ ఎప్పుడూ అలా చెవులు కప్పుకుని ముడేసుకునేదో నాకు అప్పుడు తెలిసింది.

"ఏంటత్తయ్యా ఇది?"

ఆవిడ ఉలిక్కిపడి, కాఫీ అందుకుని, దొరికిపోయిన మనిషిలా కూర్చుంది. "ఇవాళ ఆ పాఠం ఉంది. సాధన చేయకపోతే ఆ మాట దగ్గర నాలుక తడబడుతుంది. నేను తడబడితే పిల్లలు నవ్వుతారు. నవ్వితే ఇక ఎవరూ ఏదీ అడగరు."

"నీకు సిగ్గా?"

"నాకున్నంత సిగ్గు ఈ వీధిలో ఎవరికీ లేదు. పాడ్లు పట్టుకుని నడిచొచ్చేటప్పుడు నా కాళ్లు ఎలా వణుకుతాయో నీకేం తెలుసు? నువ్వు పది గజాల వెనకుంటావు."

"మరెందుకు ఈ అవస్థ?"

అత్తయ్య కాఫీ సగం తాగి కప్పు దించింది. "నాకు మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు అమ్మ ఓ గుడ్డ చేతికిచ్చి, 'అది వచ్చింది, ఎవరికీ చెప్పకు' అంది. అది అంటే ఏంటో నాకు తెలీదు. రక్తం పోతోంది, ఎవరికీ చెప్పొద్దంటున్నారు, అంటే చచ్చిపోతున్నాననుకున్నాను. అందరూ బాధపడతారని నేనూ గుట్టుగానే ఉన్నాను. నా ఆస్తంతా పంచిపెట్టేశాను. రంగు పెన్సిళ్ల డబ్బా మీ నాన్నకిచ్చి, నేను లేనప్పుడు జాగ్రత్తగా వాడుకోరా అని చెప్పాను. తర్వాత చూస్తే నేను చావలేదు. వెళ్లి డబ్బా అడిగితే వాడు ఇవ్వనన్నాడు."

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆవిడే ముందు నవ్వింది.

"అమ్మని తప్పు పట్టలేను. ఆవిడ దగ్గర ఆ మాట ఉంటే ఇచ్చేదే. లేదు పాపం. అందుకే నేను చదువుకుని తెచ్చుకున్నాను. ఎవరో ఒకరు ముందు అనేస్తే, రెండోవాళ్లకి సులువవుతుంది. ఆ ముందనేది నేనైతే పోయిందేముంది, రెండు చెవులు కాలతాయి."

ఖాళీ కప్పు నాకిచ్చి, జుట్టు మరోసారి సర్దుకుని, బడికి బయలుదేరింది.

నాయనమ్మ మళ్లీ పార్కుకి వెళ్లడం మొదలెట్టింది. కొన్నాళ్లు నేను తోడెళ్లాను. అక్కడ ఒకావిడ రోజూ మాతో సగం దూరం నడిచి, ఏదో సాకు చెప్పి ఆగిపోయేది. ఓ సాయంత్రం మేం పార్కు బల్ల మీద కూర్చున్నప్పుడు ఆవిడ నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "మిమ్మల్నొకటి అడగాలొదినా, కానీ ఎలా అడగాలో... సిగ్గుగా ఉంది" అంది.

నాయనమ్మ బల్ల మీద వెనక్కి జారి, నిండుగా కూర్చుంది. పక్కన ఆవిడకి చోటు చూపించింది.

"సిగ్గు సంగతి మా అమ్మాయి చూసుకుంటుందిలే. నువ్వు పేరు చెప్పు."