గురక అనుకున్నాం

మా బావ డానియేలు నిద్రలో గురక పెట్టే మనిషి కాడు. పక్కన రైలింజను కూసినా లేవడు గానీ, తాను మాత్రం పిల్లిలా చప్పుడు లేకుండా పడుకుంటాడు. అలాంటివాడు ఆ శనివారం మధ్యాహ్నం, బెజవాడ పటమటలో వాళ్ళింటి వసారాలో నులకమంచం మీద గుర్రుమని గురక పెడుతుంటే మేమంతా సంతోషించాం.

“పాపం, ఒళ్ళెరగకుండా పట్టింది నిద్ర” అని మా అక్క సుగుణ వీధి తలుపు దగ్గరగా వేసింది. నేను బయట అరుగు మీద కూర్చుని, గోలీలాడుకుంటున్న పిల్లల్ని అటువైపు పొమ్మని తరిమాను.

ఆ గురకే అసలు ప్రమాద సూచన. అది మాకు తెలియదు. మీకైనా తెలియాలని రాస్తున్నాను.

నా పేరు సుందరరావు. కంకిపాడు నుంచి వచ్చి పటమటలో మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు పెట్టుకున్నాను. పెళ్ళయినా, సభ అయినా, సువార్త కూటమైనా మా పేటలో మైకు నాదే. కోతలు కోయడంలోనూ పేరు నాదే. వరదల్లో బ్యారేజీ గేటు బిగుసుకుపోతే భుజం పెట్టి ఎత్తింది నేనేనని ఇంజనీరుగారి ఎదుటే చెప్పినవాణ్ణి. కాని ఇక్కడ రాసినదాంట్లో కోత లేదు. అనుమానముంటే మా అక్కని అడగండి. ఆవిడ నన్ను ఒక్కనాడూ వెనకేసుకు రాలేదు.

నా కోతలకి కళ్ళెం మా బావ. ఆయన రైల్వే లోకోషెడ్డులో ఫైర్‌మన్, ఇంజన్లో బొగ్గు వేసే పని. నేను ఎంత పొడుగు కథ చెప్పినా చివరిదాకా విని, “కొంచెం తగ్గించరా బావమరిదీ” అనేవాడు. నేను తగ్గించేవాణ్ణి. బ్యారేజీ గేటు కాలవ లాకు తలుపయ్యేది. “ఇంకొంచెం.” లాకు తలుపు కాస్తా మా దొడ్డి తలుపయ్యేది. “ఆఁ, అక్కడ ఆగు” అనేవాడు. చేపల బజారులో బేరంలా సాగేది మా మాట. ఆ బేరం కోసమే నేను ముందుగా ఎక్కువ చెప్పేవాణ్ణేమో కూడా.

కుర్రతనంలో ఆయన ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల దగ్గర బాక్సింగ్ నేర్చుకున్నాడు. నలభై దగ్గర పడ్డాక గ్లోవ్స్ అటక మీద పడేశాడు. ఆ ఎండాకాలం, ఇబ్రహీంపట్నంలో కడుతున్న పవర్ హౌసులో వెల్డింగ్ చేసే మస్తాన్ అనే కుర్రాడు, బెజవాడలో తనకి ఎదురు నిలిచే మగాడు లేడన్నాడని షెడ్డులో ఎవరో మోసుకొచ్చారు. మస్తాన్ ఆ మాట అననే లేదని తర్వాత తెలిసింది. అప్పటికి గ్లోవ్స్ అటక దిగాయి.

ఎండ ముదరకముందే కానివ్వాలని పోటీ ఆ శనివారం పొద్దున్నే పెట్టారు. మైదానంలో ఇసుక బస్తాల మీద చెక్కలు పరిచి, పైన టార్పాలిన్ లాగి కట్టి, అదే రింగన్నారు. మైకు నాదే కాబట్టి చెప్పడమూ నేనే. “బొగ్గింజన్ని ముందున్న బఫర్ పట్టుకుని ఆపిన భీముడు, మన డానియేలు!” అని మొదలుపెట్టాను. బావ తాళ్ళ మధ్య నుంచి నావైపు చూసి, గ్లోవ్ కిందికి ఊపాడు. తగ్గించమని.

“ఖాళీ వ్యాగన్ని ఆపిన భీముడు!” అన్నాను. జనం గొల్లుమన్నారు. బావ కూడా నవ్వాడు.

రెండు రౌండ్లు బాగానే నిలిచాడు. మూడో రౌండులో మస్తాన్ కుడిచెయ్యి ఎడమ కణతకి తగిలింది. బావ నిలువునా పడ్డాడు. టార్పాలిన్ కింద చెక్కకి తల కొట్టుకున్న చప్పుడు నా మైకులో పడి, నాలుగు హారన్లలోంచి మైదానమంతా వినపడింది. ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పను. దేనితో పోల్చినా ఎక్కువవుతుంది.

రిఫరీ పది లెక్కపెడుతూ ఎనిమిది అనేసరికి లేచాడు. మూలలో నించున్న షెడ్డు మనిషి చేతిలో టవలుంది. అది రింగులోకి విసిరితే పోటీ అయిపోయినట్టే. “టవలేస్తే సోమవారం షెడ్డులో తలెత్తుకోగలమా?” అన్నారు పక్కవాళ్ళు. అతను టవలు మెడలో వేసుకున్నాడు. బావే అడిగినా వేసేవాడు కాదేమో. బావ అడగలేదు.

ఆ తర్వాత మూడు రౌండ్లు జరిగింది పోటీ కాదు. బావ చేతులు పైకి లేవడం లేదు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారుతోంది. దెబ్బ ఎటునుంచి వస్తోందో చూడకుండానే దానివైపు నడుస్తున్నాడు. మస్తానే రెండుసార్లు ఆగి రిఫరీతో “చాలు సార్” అన్నాడు. జనం వాణ్ణి బూతులు తిట్టారు. నా చేతిలో మైకుంది.

మస్తాన్ చెయ్యి పైకెత్తారు. బావ తన కాళ్ళ మీదే మెట్లు దిగాడు. మేమందరం మోసపోయింది అక్కడే.

ఇంటికొచ్చి తలనొప్పన్నాడు. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. పక్కింటి మామ్మగారు గడపలోంచే తేల్చేశారు: “పైత్యమమ్మా. రోజూ బాయిలర్ ముందు నిలబడే ఒళ్ళు. పైన ఈ ఎండ. వేడి చేసేసింది.” బెజవాడ ఎండాకాలంలో వేడి చెయ్యని జబ్బేది? అక్క పల్చటి మజ్జిగ ఇచ్చింది. మాడుకి ఆముదం పెట్టి అరచేత్తో అద్దింది. మళ్ళీ వాంతయింది. “అదిగో, వేడి బయటికి పోతోంది” అన్నారు మామ్మగారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళకి నేను కథ ఎత్తుకున్నాను. “మా బావ గుద్దుకి మస్తాన్ పన్ను ఎగిరి ఎక్కడ పడిందనుకున్నారు? కంకిపాడు సంతలో!”

మంచం మీద నుంచి, కళ్ళు తెరవకుండానే, “కంకిపాడు దాకా ఎందుకురా, కానూరు చాలు” అన్నాడు బావ.

అందరం నవ్వాం. మామూలు బావ నాతో ఆడిన ఆఖరి మాట అది. తర్వాత గురక మొదలైంది.

దీపాలు పెట్టే వేళకి అక్క కాఫీ కలుపుకుని లేపబోయింది. లేవలేదు. మొహం మీద నీళ్ళు చల్లాం. లేవలేదు. నేను రెప్ప ఎత్తి చూస్తే ఎడమ కంటిపాప చింతగింజంత ఉంది, కుడిది ఆవగింజంత. అక్క కాఫీగ్లాసు కింద పెట్టింది. దాన్ని ఎంత నెమ్మదిగా పెట్టిందో నాకిప్పటికీ గుర్తు.

టాక్సీలో దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి పరిగెత్తాం. డాక్టర్ టార్చి వేసి చూశాడు.

“దెబ్బెప్పుడు తగిలింది?”

“పొద్దున సార్.”

“ఇప్పటిదాకా ఏం చేస్తున్నారు?”

“పడుకోబెట్టాం సార్. బాగా నిద్రపోయాడు. గురక కూడా పెట్టి...”

“అది గురక కాదయ్యా! అన్‌కాన్షస్‌లో ఉన్నవాడి ఊపిరి. నాలుక వెనక్కి పడి అలా వస్తుంది.” అప్పటికే ఆయన ఫోను తిప్పుతున్నాడు. “గుంటూరు తీసుకెళ్ళండి. తలకి ఆపరేషన్ చేసేవాళ్ళు అక్కడున్నారు.”

వ్యాన్‌లో బ్యారేజీ దాటుతుంటే అక్క బావ పాదాలు ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. బ్యారేజీ గేటు ఎత్తిన మొనగాణ్ణి నేను, పక్కన కూర్చుని సెలైన్ సీసా పట్టుకున్నాను.

గుంటూరులో ఎక్స్‌రే తీశారు. మెడలో మందు ఎక్కించి యాంజియోగ్రామ్ అని ఇంకొకటి తీశారు. గుండు చేసి, బర్ హోల్స్ అని పుర్రెకి రంధ్రాలు వేశారు. ఆపరేషన్ చేసిన డాక్టర్‌గారు టోపీ తీసుకుంటూ బయటికొచ్చారు.

“సబ్‌డ్యూరల్ హెమటోమా. మెదడు మీద క్లాట్ కట్టింది, తీసేశాం. కానీ బ్రెయిన్ చాలాసేపు నలిగిందమ్మా.”

“బతుకుతాడా అండీ?” అంది అక్క.

“బతకొచ్చు. ఎలా బతుకుతాడన్నది ఇప్పుడే చెప్పలేను.”

మరి పొద్దున మాట్లాడాడు, నవ్వాడు, మెట్లు దిగాడు కదండీ అని నేనడిగాను. “దాన్నే లూసిడ్ ఇంటర్వెల్ అంటాం. దెబ్బకీ స్పృహ పోవడానికీ మధ్య కొందరికి ఆ కాస్త వ్యవధి దొరుకుతుంది. పేషెంటుని తీసుకురావలసింది అప్పుడే” అన్నారాయన. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

బావ కళ్ళు తెరవని ఆ రోజుల్లో, “మాట్లాడుతూ ఉండండి, వినపడుతుందేమో” అంది నర్సమ్మ. నాకు అప్పగించిన పని అదొక్కటే. బ్యారేజీ గేటు కథ చెప్పాను. పన్ను కథ చెప్పాను, ఈసారి పన్ను బందరు సముద్రంలో పడింది. వార్డంతా చుట్టూ చేరి నవ్వేది. నేను బావ పెదాల వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు మస్తాన్ బత్తాయిలు పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. “నన్ను కొట్టండక్కా” అన్నాడు.

“నిన్ను కొడితే ఆయన లేస్తాడా?” అంది అక్క. “గుమ్మానికి అడ్డం నిలబడకు. రా, వచ్చి కాళ్ళు పట్టు. నా చేతులు లాగేస్తున్నాయి.”

వాడు సాయంత్రం దాకా బావ కాళ్ళు పిసుకుతూ కూర్చున్నాడు. తర్వాత సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు.

బావ కళ్ళు తెరిచాక కుడిచెయ్యి, కుడికాలు ఆయన మాట వినలేదు. డాక్టర్‌గారు పేరడిగారు. “డానియేలు” అన్నాడు. ఊరడిగారు. చాలాసేపు వెతుక్కుని “బెజవాడ” అన్నాడు. నన్ను చూపించి “ఈయనెవరు?” అంటే, నా మొహం తేరిపార చూసి, “మైకు” అన్నాడు. నేనూ నర్సమ్మా నవ్వాం. అక్క గోడవైపు తిరిగింది.

ఇంటికి తెచ్చుకున్నాం. చంకలో భుజం పెట్టి మస్తానే మళ్ళీ నడక నేర్పాడు. ఇక కోలుకున్నట్టే అనుకుంటుండగా ఫిట్స్ మొదలయ్యాయి. మళ్ళీ గుంటూరు, మళ్ళీ మాత్రలు. ఫిట్స్ వచ్చే మనిషిని ఇంజనెక్కనివ్వరు కదా, ఆ ఉద్యోగం అక్కడితో సరి.

అవన్నీ ఓర్చుకున్నాం. నేను ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది.

ఒక సాయంత్రం పక్కన కూర్చుని పాత ఆట మొదలుపెట్టాను. “బావా, బందరు కాలవలో వాలుగ చేప పడింది. రిక్షా అంతుంది. నలుగురు పిల్లలు దాని వీపెక్కి కంకిపాడు దాకా పోయొచ్చారు.” చెప్పి ఆగాను. తగ్గించమంటాడని చూస్తున్నాను.

“నిజంగానా?” అన్నాడు బావ. కళ్ళు పెద్దవి చేసి, చిన్నపిల్లవాడిలా.

“నిజమే” అన్నాను. ఇంకా ఆశ పడుతున్నాను.

“పిల్లలు పడిపోలేదు కదా?” అన్నాడు.

నేను లేచి దొడ్లోకి వెళ్ళిపోయాను. మర్నాడు అక్క వంటలో ఉండగా ఆయన ఒక్కడే కాలు ఈడ్చుకుంటూ ఆ చేపని చూడ్డానికి కాలవగట్టుకి పోయాడు. అక్కడే ఫిట్ వచ్చింది. రేవులో బట్టలుతుకుతున్నవాళ్ళు చూసి నీళ్ళలోంచి లాగారు.

అక్క అరవలేదు. తడిబట్టలు పిండుతూ, “ఒరే, ఇంక ఆయన దగ్గర కోతలు కొయ్యకు. ఆయనకి తగ్గించడం పోయిందిరా” అంది.

డాక్టర్‌గారూ అదే మాట ఇంగ్లీషులో చెప్పారు. “జడ్జిమెంట్ దెబ్బతింది. కొంత తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. మాత్రలు మాత్రం ఒక్క పూట మానకూడదు.”

అప్పటినుంచి బావ ముందు ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. వానొస్తే వానొచ్చిందంటాను. ఇంత పేలవంగా మాట్లాడొచ్చని నాకు తెలియదు. పగలంతా ఆయన నా కొట్లోనే కూర్చుంటాడు. ఎడమచేత్తో వైరు చుట్టలు చుడతాడు. నాకంటే ముచ్చటగా చుడతాడు. హారన్ పరీక్షించేటప్పుడు మాత్రం ముందుగా చెప్పాలి. చప్పుడంటే ఉలిక్కిపడతాడు.

మొన్నీమధ్య మైకు మాట్లాడుకోవడానికి వచ్చిన ఒకాయన, బావ తల మీద గుంటలు చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. చెక్క చప్పుడు, మెడలో వేసుకున్న టవలు, మూడు రౌండ్లు, ఆముదం, గురక. ఒక్క ముక్క కలపలేదు. బావ వైరు చుట్టడం ఆపి అంతా విన్నాడు.

“కొంచెం తగ్గించరా బావమరిదీ” అన్నాడు.

నాలుగేళ్ళుగా ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. తీరా వచ్చేసరికి, తగ్గించడానికి నా దగ్గర ఏమీ లేదు.

“ఇది తగ్గేది కాదు బావా” అన్నాను.

“అయితే నేను ఓడిపోయానా?”

“ఓడిపోయావు.”

బావ మళ్ళీ వైరు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. తలకి దెబ్బ తగిలినవాడు నడిచొచ్చాడని, నవ్వాడని, హాస్యమాడాడని నమ్మకండి. వాంతయితే వేడి అనుకోకండి. ఆముదం సీసా వెతికే లోపల ఆస్పత్రికి బయల్దేరండి. దారిలో కునుకు తీస్తుంటే కుదిపి లేపండి. పేరడగండి, ఊరడగండి, పక్కనున్నది ఎవరో చెప్పమనండి. విసుక్కుంటాడు, తిడతాడు. తిట్టించుకోండి. మేము వీధిలో ఆడుకునే పిల్లల్ని సైతం తరిమేసి, ఆయన నిద్ర చెడకుండా సాయంత్రం దాకా కాపలా కాశాం.