మూడు వందల గళ్లు, ఒక్క మీట

యాభై తొమ్మిదో ఏట మందుల గోదాము స్టోర్‌కీపరు సాధించిన మొదటి ఘనవిజయం, కీబోర్డు మీద ఒక్క దెబ్బతో కంప్యూటరు షీటులో మూడు వందల గళ్లు నింపడం. ఊరి బడిలో ఐదో తరగతి చదివి, ముప్పై ఏళ్లలో ఒక్క పెట్టె తప్పిపోనివ్వని మనిషికి కూడా అది వంటబట్టడానికి నెల పట్టింది. నేర్పింది పక్క కుర్చీలోని కంప్యూటర్ అమ్మాయి. ఇప్పుడామె కాన్పు సెలవులో ఉంది.

"పని ఆగిందా, ఆ కుర్చీలో వేరేవాళ్లని వేస్తా" అన్నాడు మేనేజరు.

"నేనున్నాగా" అన్నాడాయన ధీమాగా.

తీరా చూస్తే ఆ గదిలో పలకరించే దిక్కు లేదు. టీ కూడా ఒక్కడే తాగాలి. ఓ మధ్యాహ్నం ఒకే రకం మందు పెట్టెలకు గడువు తేదీ వేస్తూ, మొదటి గడిని మౌసుతో కిందికి లాగాడు. గడిగడికీ ఒక్కో రోజు పెరుగుతూ పోయింది. వెంటనే ఆ అమ్మాయికి ఫోను చేశాడు.

"మళ్లీ లాగారా బాబాయ్? తేదీని లాగితే అది నడుచుకుంటూ పోతుంది. అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొట్టండి."

"తెలుసమ్మా, ఊరికే పరీక్షించా."

"అబ్బో! మరి గొంతెందుకు వణుకుతోంది?"

ఇంతలో పసిబిడ్డ ఏడ్చింది. ఆమె ఫోను పెట్టేసింది.

ఆయన కంట్రోల్ డి కొట్టాడు. తేదీలన్నీ బుద్ధిగా ఒక్కటయ్యాయి. సాయంత్రం షీటు చూసిన మేనేజరు, "సర్లే, కొత్తమనిషి వద్దు" అన్నాడు. ఆయన ఆ ఖాళీ కుర్చీ దుమ్ము దులిపి, సెలవుల పట్టీలో అమ్మాయి పేరు పక్కన ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు: తిరిగి చేరే తేదీ, నవంబరు పద్నాలుగు.