చలిలో కుదిరిన మోతాదు

తూటాలు నింపేటప్పుడు ఆర్లెన్ హాగెన్ ఫ్యాను కట్టేస్తాడు. గాలికి త్రాసు ఊగుతుందని భయం. తూచిన తుపాకిమందునే మళ్లీ తూస్తాడు. తూటా గుల్లలో పోసి, దీపం కింద తొంగి చూసి, నమ్మకం కుదరక వంపేసి మొదటికొస్తాడు. "పెళ్లిలో నాకు ఉంగరం తొడిగి, మళ్లీ తీసి చూశాడు ఈయన," అంటుంది భార్య డోరీన్. జనవరి మంచులో మందు రవ్వంత రవ్వంత పెంచుకుంటూ పోయి, కూతురు కార్లా రైఫిల్‌కి సరిపోయే మోతాదు పట్టుకున్నాడు. పేల్చి చూస్తే, గురి అట్టమీద మూడు గుండ్ల రంధ్రాలూ ఒక్క నాణెం కింద దాగాయి. ఇంకేం, డబ్బా నిండా నింపేశాడు.

సెప్టెంబరులో, జింకల వేట ముందురోజు, వయోమింగ్ మండిపోతోంది. కార్లా ఒక తూటా పేల్చింది. గుల్లని బయటికి లాగే బోల్టు చేత్తో లేవలేదు; అరచేత్తో కొట్టి తెరిచింది. "కాస్త బిగిసింది నాన్నా, అంతే. గురి చూడు, ఎంత బావుందో!" ఆర్లెన్ గురి చూడలేదు. గుల్ల తీసి చూశాడు. అడుగున మందుని అంటించే చిన్న మూత, ప్రైమర్, అంచులు గుండ్రంగా ఉండాల్సింది, రేకులా అణిగిపోయి ఉంది. చలిలో నిదానంగా మండిన మందు వేడికి రెచ్చిపోయి ఒత్తిడి పెంచేసింది. "మిగిలినవి ఇటియ్యమ్మా."

"వేట రేపు కదా, ఇప్పుడా!"

"ఇంకోటి పేలిస్తే తుపాకీయే పగలొచ్చు. ముందు నీ ముఖం, తర్వాతే జింక."

అన్నీ విప్పి, బాగా తగ్గించి కొన్ని నింపాడు. వాటిని పికప్ ట్రక్కు ముందు అద్దం కింద, నడి ఎండలో పెట్టాడు. కార్లా నోరు తెరిచింది.

"రేపు నువ్వు తూటాలు పెట్టేది అక్కడే కదా," అన్నాడు. "వాటిని ముందు నేను పేల్చి చూస్తాను. నువ్వు దూరంగా నిలబడు."