పసుపు తిన్న బండి

ఒడిశా తీరాన రామయ్యపట్నం రేవులో వేలంపాటకి ఒక కట్టుబాటు ఉంది. పాడేవాళ్లు చేపల కుప్ప చుట్టూ నిలబడాలి. నిలబడలేనివాళ్లు ఏం చెయ్యాలన్నది ఆ కట్టుబాటు పెట్టిన పెద్దలకి తట్టలేదు. వాళ్లందరికీ రెండేసి కాళ్లున్నాయి మరి.

ఈశ్వరమ్మకి ఒకటే పనిచేస్తుంది. రెండోదాన్ని మూడేళ్లప్పుడే పోలియో పట్టుకుపోయింది. ఇరవయ్యేళ్ల కిందట ఆమె అన్న భుజమెక్కి మొదటిసారి పాటకొచ్చిన రోజున, పాట నడిపే నరసన్న చెయ్యెత్తి ఆపేశాడు.

"ఇంకోడి భుజమ్మీద వొచ్చినోల్ల పాట సెల్లదు."

పక్కనే గంప పట్టుకుని ఉన్న వదిన కూర్మమ్మకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పదండి పదండంటూ మొగుడి తువ్వాలు పట్టుకు లాగింది. ఈశ్వరమ్మ మాత్రం భుజం దిగలేదు.

"నరసన్న మావా, నువ్వు సేపకెల్లినప్పుడు సముద్రం మీద నడిసెల్తావేటి?"

"నడిసెలా ఎల్తానే? పడవ మీద ఎల్తాను."

"నీకు పడవ, నాకు మా అన్న. నువ్వు పడవ దిగి నడిసెల్లిన్నాడు నానూ ఈ భుజం దిగుతాను. పాట కానీ!"

రేవంతా ఘొల్లున నవ్వింది. నరసన్న పాట ఎత్తాడు, ఆ రోజు కవళ్ల చేపల కుప్ప ఈశ్వరమ్మ గంపలో పడింది. తన ఆడపడుచు మామూలు మనిషి కాదని కూర్మమ్మకి ఆ పూటే తెలిసింది. ఆ మాట పైకి అనలేదనుకోండి. ఆడపడుచుని ఎదుట మెచ్చుకున్న వదిన ఈ తీరంలో ఇంకా పుట్టలేదు.

అందరూ చేపని ఇసకలో ఎండబెడితే ఈశ్వరమ్మ వెదురు తడకలు కట్టించి వాటిమీద ఎండబెట్టింది. పంటికింద ఇసక తగలని ఎండుచేప కావాలంటే బరంపురం వర్తకులైనా ఆమె గుమ్మంలోకే రావాలి. కూర్చున్నచోటినించే ఎండనీ గాలినీ చదివేది, బడిలో రెండో తరగతి కూడా చదవలేదు గాని.

అన్న పోయాక, కర్మ అయిన రోజున, నలుగురి ముందూ ఒక మాటంది. "మా అన్న భుజం ఎక్కినదాన్ని. ఇంకే భుజమూ ఎక్కను." అన్నాక తిరుగుండదు. చేత్తో తిప్పుకునే మూడుచక్రాల బండి మీద కొన్నాళ్లు వెళ్లింది, రెండేళ్ల కిందట ఎండుచేపల రాబడితోనే బ్యాటరీ బండి కొనుక్కుంది. తాళం తిప్పి, మీట నొక్కితే సిమెంటు రోడ్డు మీద రేవుదాకా చప్పుడు లేకుండా పోతుంది.

ఈ ఏడు విశ్వకర్మ పూజ నాడు కూర్మమ్మ ఆ బండికి పూజ చేసింది. పడవకి ఎలా చేస్తారో అలాగే చేసింది. పడవ ముక్కుకి పసుపు దట్టంగా పూస్తారు, కళ్లు దిద్దుతారు, కొబ్బరికాయ కొట్టి నీళ్లు చిలకరిస్తారు. బండికి ఏది కన్నో ఏది నోరో కూర్మమ్మకేం తెలుసు? కనిపించిన ప్రతి కన్నంలోనూ చిటికెనవేలితో పసుపు ముద్ద పెట్టింది. కొబ్బరినీళ్లు చిలకరించలేదు, ధారగా పోసింది. పూజలో పిసినారితనమేమిటని ఆవిడ ఉద్దేశం.

తెల్లారింది. తుఫాను హెచ్చరికతో ఐదు రోజులు ఒడ్డునే ఉన్న పడవలు ఆ రాత్రే వేటకెళ్లి, తిరిగొస్తూ కనుచూపు మేరలో ఉన్నాయి. తడకలన్నీ ఖాళీ. ఈశ్వరమ్మ బండెక్కి తాళం తిప్పింది. లైటు వెలిగింది. హారను మోగింది. మీట నొక్కితే మాత్రం బండి రాయిలా ఉండిపోయింది.

బరంపురం మెకానిక్‌కి ఫోను చేస్తే ఒడియాలో తీరిగ్గా చెప్పాడు, మాఉసీ, అంటే పిన్నీ, టెంపోలో వేసి పంపించు, ఐదు రోజుల్లో చూస్తానని. "ఐదు రోజులు సేప నా కోసం కూకుంటాదేటి?" అని ఆమె తెలుగులోనే కసిరి పెట్టేసింది.

అటుగా రేవుకి పోతున్న నరసన్న ఆగాడు. ముసలాడయ్యాడు గాని వెటకారం ముసలిది కాలేదు.

"ఏటే ఈసరమ్మా, గుర్రం మొరాయించిందా? నా బుజం కాలీగానే ఉంది, ఎక్కుతావా?"

"నీ బుజం నీ మనవల్ని ఎక్కించుకో మావా. నానొచ్చేదాకా పాట ఎత్తకు."

"పడవలు ఒడ్డుకి తగిల్తే ఆగను. కట్టుబాటు కట్టుబాటే." నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కూర్మమ్మ బండి దగ్గరకొచ్చి వీపు వంచింది. పూజ చేసిన చెయ్యి తనదే. "ఈసరీ, ఈ ఒక్క పూటకీ నా ఈపు మీద ఎక్కే. ఎవులూ ఏటీ అనుకోరు."

"నాను అనుకుంటాను కదా వదినా!" అంటూ ఈశ్వరమ్మ నేల మీదకి జారి, బండి పక్కన చతికిలబడింది. "వల సిరిగితే సేప తప్పించుకున్న సోట ఎతకరు. ఒక మూల అట్టుకుని గుప్పెడు గుప్పెడు సూసుకుంటా వత్తారు. ఇదీ వలే."

వెనక చక్రం దగ్గర మొదలెట్టింది. తోసుకుపోవడానికని వెనక ఒక మీట ఉంటుంది, అది ఎత్తి ఉంటే బండి నడవదు. అది దించే ఉంది. సీటు ఎత్తి బ్యాటరీ తీగలు ఒక్కొక్కటే పట్టుకుని లాగి చూసింది. ఏదీ వదులు కాలేదు. అలా వేళ్లతో తడుముకుంటూ హేండిలు దాకా వచ్చి, ఆగిపోయి, అక్కడ మినుకుమంటున్న చిన్న దీపాన్ని చూసింది.

"వదినా, ఇది మూడుసార్లు మినుక్కుమని ఆగతంది. రాత్రిళ్లు ఛార్జింగులో ఉన్నప్పుడూ ఇలాగే సేత్తాది. వైరు పెట్టుండగా ఇది కదలదు. నోట్లో ముద్ద ఉందనుకుంటంది."

ఛార్జరు పెట్టే కన్నం మూత తీసింది. లోపల పచ్చగా, తడిగా, పసుపు.

కూర్మమ్మ ఆకాశంలోకి చూసింది. అక్కడ కాకి కూడా లేదు.

ఈశ్వరమ్మ తాళం తీసి, బ్యాటరీ తీగ ఊడదీసి, "దీపం ఒత్తులు పట్రా" అంది. వదిన చేసిన ఒత్తులతోనే ఆ కన్నాన్ని తుడిచింది. ఒకటి పచ్చబడింది, ఇంకొకటి పచ్చబడింది, ఏడో ఒత్తు తెల్లగా వచ్చింది. కన్నాన్ని ఎండకి తిప్పి, విసనకర్రతో విసరమంది. కూర్మమ్మ దేవుడికి కూడా అంత భక్తిగా విసరలేదు.

తీగ తగిలించి, బండెక్కి తాళం తిప్పితే దీపం మినుకుమనకుండా నిలబడి వెలిగింది. మీట నొక్కగానే బండి ముందుకురికింది. కూర్మమ్మ గంప నెత్తిన పెట్టుకుని వెనక పరిగెత్తింది.

మొదటి పడవ అప్పుడే ఒడ్డుకి తగులుతోంది. నరసన్న దారిచ్చి, "ఏటే జబ్బు?" అన్నాడు. ఈశ్వరమ్మ వదిన వైపైనా చూడకుండా, "పండగ కదా మావా, ఎక్కువ తినీసింది" అంది. ఆ రోజు వంజరం కుప్ప ఆమె గంపలోనే పడింది. మెడ ఎంత పైకెత్తుకుని నడిచిందో కూర్మమ్మకే తెలియదు. నెత్తిన గంప లేకపోతే ఆకాశానికి తగిలేది.

ఇంటికొచ్చి చేపలు కోస్తూ ఇక ఆగలేక అనేసింది. "ఆ పసుపు ఎట్టింది నానేనే."

"తెలుసు. ఆ కన్నంలో పట్టే సిటికినేలు ఈ ఇంట్లో నీదొక్కటే."

"మరి తిట్టవేటి?"

ఈశ్వరమ్మ కత్తి పక్కన పెట్టి, మిగిలిన ఒత్తులు ఆమె ఒళ్లో పడేసింది. "నాకొక్కదానికే తెలిసుంటే సాలదు వదినా. రేపు పొద్దున్న ఆ తీగలన్నీ నువ్వే ఇప్పి, నువ్వే తగిలించాల. నాను కూకుని సూత్తాను."