వెర్లీన్ అక్క చిల్లు బిళ్ళ

గుండీల డబ్బాలోంచి ఆ ఇత్తడి బిళ్ళ తీసి నేలమీద గిరగిరా తిప్పుకుంటారే, దానికా చిల్లు ఎందుకుందని ఒక్కరైనా అడిగారా? టీవీలో ఏ వెధవ ఎవర్ని వదిలేశాడో మాత్రం గడగడా చెప్తారు. మా అక్క వెర్లీన్ గురించి ఒక్క ముక్క చెప్పండి చూద్దాం. ఏం, నోళ్ళు పడిపోయాయా? ఆ చిక్కుళ్ళు ఇటు జరిపి, ఒలుస్తూ వినండి.

అక్క క్యాంపు గేటుకి ఎదురుగా ఉన్న కుట్టు దుకాణంలో ముప్పై ఏళ్ళు మిషను తొక్కింది. సైనికుల చొక్కాలకి పేరు పట్టీలు, భుజాలకి దళం గుర్తులు కుట్టేది. నూలుపోగంత వంకరొచ్చినా పీకేసి మళ్ళీ కుట్టేది. మొగుడు లారీ తోలుకుంటూ వెళ్ళి టెక్సాస్‌లో ఇంకొకత్తె ఇంట్లో దిగిపోయాడు. మిగిలింది కొడుకు వేలన్ ఒక్కడే. బంగారంలాంటి పిల్లాడు, కానీ ఉత్త మతిమరుపు మేళం. రెండు చేతితొడుగులతో బడికి పంపితే ఒకటే తిరిగొచ్చేది.

సైన్యంలో చేరిన ఏడాది వాడు ఆ బిళ్ళ తెచ్చి మా వంటింట్లో చూపించాడు. ఒకవైపు గద్ద, రెండోవైపు వాళ్ళ దళం పేరు. కెప్టెన్ చెయ్యి కలిపినప్పుడు అరచేతిలోంచి అరచేతిలోకి జార్చాడట.

"దీంతో ఏం కొనుక్కోవచ్చురా?" అన్నాను.

"ఏమీ రాదు పిన్నీ. ఎప్పుడూ ఒంటిమీద ఉండాలంతే. ఎవడైనా బల్లమీద తన బిళ్ళ ఠపీమని కొడితే మేమందరం తీసి కొట్టాలి. లేనివాడు అందరికీ తాగించాలి. అందరి దగ్గరా ఉంటే, ముందు కొట్టినవాడే తాగించాలి."

"అయితే ఊరందరికీ నువ్వే తాగిస్తావు. కాళ్ళకున్న బూట్ల కోసం ఇల్లంతా వెతికే రకానివి."

నేను నవ్వాను, వాడూ నవ్వాడు. అక్క నవ్వలేదు.

ఇరాక్ వెళ్ళమని ఉత్తర్వులొచ్చాయి. బయల్దేరే రోజు పొద్దున వాడు స్నానం చేస్తుంటే అక్క ఆ బిళ్ళ పట్టుకుని మీ తాత హొయ్ట్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"హొయ్ట్, దీనికో చిల్లు పొడువు. గొలుసులో వేసి మెడకి కడతాను."

"వాణ్ణి అడిగావా?"

"నా కొడుకు వస్తువు పోకుండా చూడ్డానికి వాణ్ణడగాలా?"

ఆయన చిల్లు పొడిచాడు. మెడలో వేస్తుంటే వేలన్ ఆ చిల్లు చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. "బావుందమ్మా" అన్నాడు. అంతే.

ఎనిమిది నెలలకి రోడ్డుపక్క పెట్టిన బాంబు పేలి పోయాడు. ఇరవై రెండేళ్ళు.

వాడి సార్జెంట్ మేబ్రీ ఆ గొలుసు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. పాపం, ఆమెను కాస్త నవ్విద్దామనుకున్నాడు.

"ఎప్పుడు బిళ్ళలు తియ్యమన్నా మీవాడే ముందు కొట్టేవాడమ్మా. 'చిల్లు, చిల్లు, చెల్లదు!' అని మేమంతా అరిచేవాళ్ళం."

"చిల్లుంటే చెల్లదా?"

ఆ సంగతి ఆమెకి తెలీదని అతనికి అప్పుడు అర్థమైంది. కానీ అబద్ధం ఆడలేకపోయాడు. "చెల్లదమ్మా. చిల్లు పెడితే అది మెడలో నగ కిందే లెక్క. మా పాత పద్ధతి."

"మరి కొత్తది ఇవ్వలేదా?"

"కెప్టెన్ ఇస్తానన్నాడు. మీవాడే, మా అమ్మ వేసింది, తియ్యనన్నాడు. ప్రతిసారీ వాడే తాగించాడు. అక్కడ మందెక్కడిది, కూల్‌డ్రింకులే."

అక్క తన చేతిలోని గిన్నెలు తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. ఆ తర్వాత ఎనిమిది.

ఆ మే నెలలో, చనిపోయిన సైనికుల సమాధులమీద జెండాలు పెట్టే రోజున, వాడి దళం కుర్రాళ్ళు పదకొండుమంది మధ్యాహ్నం బారులో చేరారు. జన్మలో బారు గడప తొక్కని మా అక్క, చర్చికి వేసుకునే గౌనులో లోపలికెళ్ళి చిల్లు బిళ్ళ బల్లమీద ఠపీమని కొట్టింది. అందరూ తీసి కొట్టారు.

"నాది చెల్లదు. ఏం తాగుతారో చెప్పండి."

"వద్దమ్మా, మీరేంటి..."

"మావాడు ఎగ్గొట్టాడా? తాగండి, సన్నాసుల్లారా!"

ఏడుస్తూనే నవ్వారు. అప్పట్నించీ ఏటా ఆ రోజు తాగించేది అక్కే. దానికోసం ఏడాదంతా ఆదివారాలు కూడా కుట్టేది. "ఒసే ఐవా, వాడికి నేనింకా చెయ్యగలిగింది ఇదొక్కటేనే" అనేది.

పదేళ్ళు గడిచాయి. కళ్ళు మసకబారాయి. దుకాణంవాళ్ళు ఇక రావద్దన్నారు. పొయ్యిలో గ్యాసు ఆదా చేసుకుంటూ మే కోసం డబ్బు దాస్తోందని నాకు తెలిసింది. నేనొక తెలివితక్కువదాన్ని. మేబ్రీకి ఫోన్ చేశాను. "ఈసారి అక్కని గెలిపించు నాయనా" అన్నాను.

ఆ మే మధ్యాహ్నం నేనూ వెంట బారుకి వెళ్ళాను. అక్క బిళ్ళ కొట్టింది. ఒక్కడూ తన బిళ్ళ తియ్యలేదు. జేబులు బయటికి లాగి చూపించారు.

"మర్చిపోయామమ్మా. ఈసారి మేమే ఓడాం, మేమే తాగిస్తాం" అన్నాడు మేబ్రీ.

"పదకొండుమందీనా?"

అక్క తన బిళ్ళ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"మర్చిపోయేవాడు మావాడు. మీరు కాదు." ఆమె నావైపు తిరిగింది. నా మొహం చూస్తే చాలు, తెలిసిపోయింది. "ఆ చిల్లు నేను పెట్టించాను. నేనే కడుతున్నాను. అది కూడా నా దగ్గర్నించి తీసేసుకున్నావటే?"

ముందు పెట్టిన గ్లాసు ముట్టుకోలేదు. లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

మరుసటి మేలో తీసుకెళ్దామని వెళ్తే ఇంటి గౌనులోనే కూర్చునుంది. "నువ్వెళ్ళు. నా బిళ్ళ చెల్లదు" అంది. బిళ్ళ గుండీల డబ్బాలో పడేసి ఉంది. సాయంత్రం మేబ్రీ తన బిళ్ళ పట్టుకుని తలుపు దగ్గరికొచ్చాడు. జాలీ తలుపు అవతల్నించే పిల్లలు బావున్నారా అని అడిగి పంపేసింది.

జనవరిలో పోయింది. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు బిళ్ళ ఆమె చేతిలో పెడదామని డబ్బా తెరిచాను. మళ్ళీ మూసేశాను. అక్కనడక్కుండా అక్కకి మంచి చెయ్యడం ఒకసారి చేశాను, చాలు.

అక్కకి అరవై ఆరేళ్ళు.