అమ్మ నోట్లోంచి పొగ

ఫ్రిజ్ తలుపు తీయగానే తెల్లటి పొగ మొహానికి తగిలితే, ఇప్పటికీ నా నోరు దానంతటదే మూసుకుపోతుంది.

అరవైల చివర, నాకు ఆరేళ్లప్పుడు, కోటబొమ్మాళి స్టేషన్లో పనిచేసే నాన్న రైలు పాసు మీద డిసెంబరులో ఊటీ, కొడైకెనాల్ తీసుకెళ్లాడు. ఊటీ సరస్సులో పొద్దున్నే పడవెక్కాం. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. అమ్మ నవ్వింది. ఆమె నోట్లోంచి పొగ వచ్చింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ముందు నెలలోనే తాత చనిపోయాడు. "మీ తాత పానం పొగలాగ నోట్లోంచి ఎల్లిపోనాదే" అని నానమ్మ నాతో చెప్పింది.

ఊగుతున్న పడవలో లేచి రెండు చేతులతో అమ్మ నోరు మూసేశాను.

"ఒసే, ఏటే ఇది? పడిపోతావు, కూకో!" అంది అమ్మ. నా వేళ్ల సందుల్లోంచి మళ్లీ పొగ.

"మాటాడకే అమ్మా, అయిపోతాది!" అని ఏడ్చాను.

కొడైకెనాల్ సరస్సు దగ్గర నా నోట్లోంచీ పొగ పోకుండా రోజంతా నోరు విప్పలేదు. అలిగాననుకున్నారు.

నిరుడు మండు వేసవిలో అమ్మ పోయింది. చివరిదాకా ఆమె నోటికేసే చూస్తూ కూర్చున్నాను. చేతులు అడ్డం పెడదామంటే పొగే రాలేదు.